ఒక పెట్టె, దానికో తాళం

ప్రశ్న:

అమ్మా, నాకు 31 ఏళ్లు. విశాఖలో రుషికొండ దగ్గర ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నలతో ఉంటాను. మూడేళ్లుగా నేనూ నా స్నేహితులూ ప్రతి ఆదివారం రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వే స్టేషన్, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లకి బిర్యానీ పొట్లాలు పంచుతున్నాం. ఎన్ని పంచినా మళ్లీ ఆదివారానికి అవే ముఖాలు. ఇలా లాభం లేదనిపించి, ఉద్యోగం మానేసి సోషల్ ఎంటర్‌ప్రైజ్ పెట్టాలనుకుంటున్నాను. నలభై పడకల డార్మిటరీ, రాత్రికి అరవై రూపాయలు, దానంతట అదే నడిచేలా. లండన్‌లో నిరాశ్రయుల చేత పత్రిక అమ్మించినట్టు ఇక్కడా ఏదైనా అమ్మించవచ్చా అని కూడా ఆలోచన ఉంది. ఆరు లక్షలు దాచాను. ట్రస్టు పెట్టాలా, కంపెనీ పెట్టాలా? పోర్టులో పనిచేసి రిటైరైన మా నాన్న "పదిమందికి నీడ ఇస్తావు సరే, నీ పెళ్లాంబిడ్డలకి ఎవడిస్తాడు" అంటున్నారు. ఫిబ్రవరిలో నా పెళ్లి. అమ్మాయికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. పోయిన చలికాలం పోగుచేసిన 200 దుప్పట్లు ఇంకా మా హాల్లోనే ఉన్నాయి, వాటి గురించి అమ్మతో రోజూ గొడవే. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

బాబూ, నీకు నా వయసులో సగం కూడా లేదు, కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఒక్కటే: "మళ్లీ ఆదివారానికి అవే ముఖాలు". మూడేళ్లంటే నూట యాభై ఆదివారాలు. అన్నిసార్లు చూసిన ముఖాల్లో ఒక్కరి పేరూ నీ ఉత్తరంలో లేదు. సోమవారం పొద్దున్న వాళ్లు ఎక్కడికి వెళ్తారో కూడా లేదు. దెప్పుతున్నానని అనుకోకు. ఊళ్లో ఇల్లులేనివాళ్లు రాత్రి పడుకునే షెల్టరు ఒకటి పన్నెండేళ్లు చూసుకుని, మోకాళ్లు మొరాయించాక మానేసిన దాన్ని. మొదటి ఏడాది నేనూ నీలాగే పొట్లాలు, దుప్పట్లు పట్టుకుని తిరిగాను.

ఆ తిరుగుళ్లలోనే ఒక రాత్రి కురుపాం మార్కెట్ దగ్గర ఒక తాతకి దుప్పటి ఇవ్వబోతే నవ్వాడు. "దుప్పట్లకేటమ్మా, నాలుగున్నాయి. దాసుకోడానికే సోటు నేదు" అన్నాడు. పక్కన బియ్యం సంచి, మూతికి నైలాన్ తాడు. విప్పి చూపించమంటే చూపించాడు. లామినేషన్ చేయించిన ఆధార్ కార్డు, చేతి అద్దం, బీపీ మాత్రలు, రెండు జతల బట్టలు, బీడీకట్ట, బస్తాలు లాగే ఇనప కొక్కెం. ఆయన కళాసీ. తెల్లారుజామున మూడింటికి మార్కెట్లోకి లారీలు వస్తే పది దాకా బస్తాలు దించుతాడు. ఆ ఏడు గంటలు సంచి ఎక్కడ పెట్టాలన్నదే ఆయన జీవితంలో అతిపెద్ద సమస్య. టీకొట్టు అబ్బాయికి రోజూ బీడీకట్టో, పది రూపాయలో ఇచ్చి బల్ల కింద పెట్టించేవాడు. ఒకరోజు టీకొట్టు తియ్యలేదు. గోడవారన పెట్టి పనిలోకి పోయాడు. ఊడ్చేవాళ్లు వచ్చారు, సంచి చెత్తబండి ఎక్కింది.

ఆధార్ మళ్లీ తెప్పించడానికి పదకొండు నెలలు పట్టింది. నంబరు గుర్తులేదు. దానికి లింకు చేసిన ఫోను ఎప్పుడో పోయింది. వేలిముద్ర వేయిద్దామంటే బస్తాలు మోసి మోసి వేళ్లు నున్నగా అరిగిపోయాయి, మిషను పట్టదు. ఆ పదకొండు నెలలూ పింఛను దరఖాస్తు కదలలేదు. కొక్కెం పోయినందుకు రెండు రోజులు కూలి కూడా పోయింది. అప్పటి ధరకి ఆ సంచిలో మొత్తం కలిపి మూడొందల సరుకు ఉండదు.

అందుకని నీ డార్మిటరీ సంగతి తర్వాత. ముందు ఒక పెట్టె, దానికో తాళం గురించి చెప్పనీ.

నువ్వు పొట్లం ఇచ్చే మనుషుల్లో చాలామందికి పని ఉంది. మార్కెట్లో కళాసీలు, ఫిషింగ్ హార్బర్లో ఐసు కొట్టేవాళ్లు, తట్టలు మోసేవాళ్లు, పెళ్లిళ్లకి వెళ్లే కేటరింగ్ కుర్రాళ్లు, పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. "నిరాశ్రయులు" అన్నది మనం ఫైళ్ల కోసం పెట్టిన పేరు, వాళ్లెవరూ ఆ మాట అనరు. "మేం కాంప్లెక్స్ కాడ ఉంటాం" అంటారు, నువ్వు ఎంవీపీలో ఉంటానన్నట్టే. సంపాదన ఉన్నా గది ఎందుకు దొరకదంటే, మన ఊళ్లో ఓనరు రెండు మూడు నెలల అడ్వాన్సు అడుగుతాడు, ఆధార్ అడుగుతాడు, ఇంతకుముందు ఎక్కడున్నావని అడుగుతాడు. మూడో ప్రశ్నకి "కాంప్లెక్స్ కాడ" అని జవాబు చెబితే తలుపు పడిపోతుంది. అడ్వాన్సు కూడబెడదామంటే జేబులో డబ్బుతో ఫుట్‌పాత్ మీద నిద్రపోవడం కుదరదు. అందుకే ఆ రోజు డబ్బు ఆ రోజే అయిపోతుంది. చూసేవాళ్లు తాగుడు అంటారు. తాగుడు ఉంది, లేదనను. కానీ దాచుకునే చోటు లేని మనిషికి ఖర్చుపెట్టడమే దాచుకోవడం.

ఇప్పుడు డార్మిటరీ లెక్క వేద్దాం. అంకెలు నా అంచనా, బజార్లో కనుక్కుని దిద్దుకో. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల ప్రకారం షెల్టర్లో మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలన్నారు. నలభై మందికి రెండు వేల అడుగులు. మార్కెట్‌కి నడిచి వెళ్లేంత దూరంలో అంత మేడ 45 వేలకి దొరికిందనుకో. రాత్రీ పగలూ మనిషి ఉండాలి కనుక ముగ్గురు, 14 వేల చొప్పున 42 వేలు. కరెంటు, నీళ్ల ట్యాంకర్లు 15 వేలు. ఫినాయిలు, నల్లుల మందు, రిపేర్లు 8 వేలు. వెరసి లక్షా పదివేలు. నలభై పడకలూ ఏ రాత్రీ నిండవు, ఇరవై ఎనిమిది నిండితే గొప్ప. అరవై చొప్పున నెలకి 50,400. తక్కువ పడే అరవై వేలు నీ ఆరు లక్షల్లోంచి పోతే పది నెలలు. మంచాలు కొన్న డబ్బు, మేడకి కట్టిన అడ్వాన్సు ఇందులో కలపనే లేదు. పదకొండో నెలలో నువ్వు చేసే పనేమిటో నాకు తెలుసు, చాలామంది చేయగా చూశాను. అరవైని నూట యాభై చేస్తావు, ఆన్‌లైన్ బుకింగ్ పెడతావు, పరీక్షలు రాయడానికి ఊరొచ్చే కుర్రాళ్లు చేరతారు. లాడ్జి చక్కగా నడుస్తుంది. కళాసీ మళ్లీ గోడవారన ఉంటాడు.

నిజానికి ఆ నలభై పడకలు పెట్టాల్సిన బాధ్యత నీది కాదు. లక్ష జనాభాకి ఒక షెల్టరు చొప్పున, ఏడాది పొడుగునా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2013లో వచ్చిన, పైన చెప్పిన జీవనోపాధుల మిషన్ కూడా అదే లెక్క పెట్టుకుంది. 2011 జనాభా లెక్కల్లో విశాఖ 17 లక్షలు దాటింది, అంటే అప్పటికే పదిహేడు ఉండాలి. ఆ లెక్కల్లోనే ఇల్లులేనివాళ్లని 2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతా తిరిగి లెక్కపెట్టారు, 17.7 లక్షల మంది తేలారు. మూడింటికి లారీ దించడానికి లేచిపోయినవాడు, పెళ్లి పందిట్లో గిన్నెలు తోముతున్నవాడు ఆ రాత్రి ఎవరి కంటపడ్డారో నాకు అనుమానమే. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ తన షెల్టర్లని స్వచ్ఛంద సంస్థలకి అప్పగించి నడిపిస్తోంది. వాటన్నిటికీ ఎప్పుడూ తక్కువయ్యేది రాత్రి డ్యూటీకి నమ్మకమైన మనిషి. ఉద్యోగం మానకుండా శుక్ర, శనివారం రాత్రులు ఒక షెల్టర్లో మూడు నెలలు పడుకో. బిర్యానీ ఆదివారాలు నూట యాభై నేర్పనిది ఆ పాతిక రాత్రులు నేర్పుతాయి.

ఆ తర్వాత కూడా చెయ్యాలనే ఉంటే పూర్ణా మార్కెట్ దగ్గర సందులో ఒక షట్టరు అద్దెకి తీసుకో. అరవై రేకు పెట్టెలు గోడకి బిగించు. ఒక బాత్రూమ్ కట్టించు, లోపలి గడియ గట్టిగా ఉండాలి. ఫోన్ ఛార్జింగ్‌కి వరసగా ప్లగ్గులు. పెట్టెకి రోజుకి పది రూపాయలు. అద్దె 9 వేలు, మనిషికి 12 వేలు, కరెంటూ నీళ్లూ 2 వేలు, మొత్తం 23 వేలు. నలభై రెండు పెట్టెలు నిండితే 12,600 వస్తుంది. లోటు పదివేల చిల్లర. పెట్టెలకీ బాత్రూమ్‌కీ లక్షన్నర పోయినా, మిగిలిన నాలుగున్నర లక్షలతో మూడేళ్లకి పైగా లాగుతావు. ఆ మూడేళ్లు ఎందుకు ముఖ్యమో కిందకి చెబుతాను.

కొన్ని సంగతులు మాత్రం నా మాట విను. తాళం ఆయనదే, తాళంచెవి ఆయన దగ్గరే, నీ దగ్గర రెండోది ఉండకూడదు. చెవి పోగొట్టుకుంటే ఇద్దరి ఎదుట కట్టర్‌తో కొయ్యి. సంక్రాంతికి ఊరెళ్లిన మనిషి కనుమ దాటి పదిరోజులైనా రాడు, అంతమాత్రాన పెట్టె ఖాళీ చెయ్యకు, రెండు నెలలు ఆగు. సీసా, గ్యాస్ స్టవ్, ఎండుచేపలు వద్దని మొదటిరోజే చెప్పు. (మూడోది మర్చిపోయి నేను పడ్డ బాధ నీకు వద్దు.) తెరిచే వేళ నీ కంపెనీ వేళల్లా తొమ్మిది నుంచి ఆరు పెట్టావంటే ఒక్కడూ రాడు. లారీలు మూడింటికి వస్తాయి కనుక రెండున్నరకి షట్టరు లేవాలి. బోర్డు మీద "నిరాశ్రయుల" అన్న మాట రాయకు. క్లోక్ రూమ్ అని రాయి, స్టేషన్లో ఉన్నట్టు.

ఆ బాత్రూమ్ ఎవరికోసమో కూడా చెప్పాలి. నీ ఆదివారాల్లో ఆడవాళ్లు ఎంతమంది కనిపించారు? తక్కువ కదూ. వాళ్లు ఫుట్‌పాత్ మీద పడుకోరు. అసలు రాత్రి పడుకోరు. కాంప్లెక్స్‌లో ఒకావిడ ఉండేది, ఉతికిన చీర, నున్నగా దువ్విన జడ, ఒళ్లో జిప్పు బ్యాగు. ఏ కండక్టరు కనిపించినా "పలాస బస్సు ఎన్నింటికి బాబూ" అని అడిగేది. నేను ఆమెని ప్రయాణికురాలే అనుకున్నాను, నాలుగో రాత్రి కూడా అదే బెంచీ మీద అదే ప్రశ్న అడిగేదాకా. బస్సు కోసం కూర్చున్నట్టు ఉంటే ఎవరూ లేపరు, ఎవరూ చెయ్యి వెయ్యరు. తెల్లారాక గుడి అరుగు మీదో పార్కులోనో రెండు గంటలు కునుకు. మధ్యాహ్నం రెండిళ్లలో అంట్లు. అందరూ చూస్తుండగా మూడేళ్లు అలా గడిపింది. "పడక కావాలా అమ్మా" అంటే మొహం తిప్పేసుకుంది. "స్నానం చెయ్యడానికి గడియ ఉన్న గది ఉంది, రండి" అంటే వచ్చింది. మాట కలవడానికి ఆరు వారాలు పట్టింది. ఆ తర్వాత షెల్టరుకి వచ్చింది.

ఇంకో పొరపాటు చెబుతాను, ఇది పూర్తిగా నాదే. మా కళాసీ ఒకరికి దాతల డబ్బుతో పెందుర్తిలో గది ఇప్పించాం. గది బాగుంది, గాలి వస్తుంది, ఫోటోలు తీసుకున్నాం. తొమ్మిదో రోజు ఆయన మళ్లీ మార్కెట్ గోడవారన. నాకు కోపం వచ్చి అడిగితే, "రాత్రి రెండింటికి ఏ బస్సు ఉంటాదమ్మా?" అన్నాడు. ఆటోకి పెడితే కూలిలో సగం పోతుంది. మనుషులు పని ఉన్నచోట పడుకుంటారు. ఊరి చివర చవకగా స్థలం దొరికిందని ఎవరైనా నీకు ఆశ పెడితే ఈ మాట గుర్తుచేసుకో.

అలాగే ఏ నెలలో కొత్త ముఖాలు వస్తాయో గమనించావా? మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పడవల మీద వేటకి వెళ్లేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భృతి ఉంది. ఐసు కొట్టేవాడికి, తట్ట మోసేవాడికి లేదు. మే నెలాఖరుకి గది అద్దె ఆగుతుంది, జూన్‌లో సామాను రోడ్డు మీదికి వస్తుంది. వెనకే ఆషాఢం, పెళ్లిళ్లు ఉండవు, కేటరింగ్ కుర్రాళ్లు వస్తారు. మూఢం పడితే మళ్లీ అంతే. గది ఉన్న మనిషిని ఆ రెండు నెలలు గదిలోనే ఉంచగలిగితే, ఫుట్‌పాత్ మీద నుంచి ఒకణ్ని లేపడానికి పెట్టే కష్టంలో పదో వంతు చాలు. రెండో ఏడాది నీ పని ఇదే కావాలని నా కోరిక: పదిమందికి మించకుండా, అడ్వాన్సు నీ సంస్థ పేరున నేరుగా ఓనరుకి కట్టడం, హామీ నువ్వు ఉండటం, మనిషి దగ్గర వారానికి వంద చొప్పున తిరిగి తీసుకోవడం. ఓనరు భయం అద్దె గురించి అనుకుంటాం. ఖాళీ చెయ్యమంటే చెయ్యడేమోనని వాళ్ల అసలు భయం. దానికి నీ సంతకం కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెట్టె నమ్మకం కుదిరాక "ఈ డబ్బు కూడా నీ దగ్గర ఉంచు బాబూ" అంటారు. ముట్టుకోకు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడం మీద 2019లో వచ్చిన చట్టం ఉంది, మంచి ఉద్దేశం ఉందని వదిలిపెట్టదు. చట్టం సంగతి అటుంచి, ఒక్కసారి ఐదొందలు తేడా వస్తే సందు సందంతా నీకు దూరమవుతుంది. సరైన కాగితాలు లేనివాళ్లకి బ్యాంకులో చిన్న ఖాతా ఉంటుంది. అధికారి ఎదుట ఫోటో, సంతకమో వేలిముద్రో చాలు, నిల్వ 50 వేలు దాటకూడదు, మొదట ఏడాదికి ఇస్తారు. కౌంటర్లో "అలాంటిది లేదు" అని చెప్పే అవకాశం ఎక్కువ, నాకు మూడు చోట్ల చెప్పారు. పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకుని నువ్వు నిలబడితే ఉంటుంది. ఇలాంటి చోట నిలబడటమే నీ ఉద్యోగంలో సగం.

చిరునామా సంగతీ అంతే. ఓటరు కార్డుకి ఇల్లు లేకపోయినా పర్వాలేదు, ఎన్నికల సంఘం నిబంధనల్లోనే ఉంది. ఫారం-6లో పడుకునే చోటు రాస్తే, బూత్ అధికారి రాత్రిపూట వచ్చి, ఒకటికి రెండు రాత్రులు, మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసుకుంటే చాలు, వేరే కాగితం అడగకూడదు. ఆధార్‌కి గుర్తింపు ఉన్న షెల్టరు ఇచ్చే సర్టిఫికెట్ పనికొస్తుంది. నీ షట్టరు ఇచ్చేది చెల్లదు, అందుకే నువ్వు రాత్రులు కాసిన షెల్టరుతో చెలిమి పోగొట్టుకోకు. అరవై దాటినవాళ్లకి పింఛను ఇప్పుడు నెలకి 4,000. అది వస్తే వన్ టౌన్ సందుల్లో చిన్న గదికి ఆశ పుడుతుంది. కానీ పింఛను ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇస్తారు. ఇల్లేదీ? ఆ ముడి విప్పడానికి వార్డు సచివాలయం చుట్టూ నువ్వు తిరగాలి, ఆయన తిరిగితే కూలి పోతుంది.

నీ పెట్టెలు అందరికీ పనికిరావు, ఇది కూడా ముందే తెలుసుకో. విశాఖ స్టేషన్లో హౌరా-చెన్నై బళ్లు ఇంజను మార్చుకుని వచ్చిన దిక్కుకే తిరుగుతాయి, చాలాసేపు ఆగుతాయి. మతి స్థిమితం తప్పిన మనుషులు ఆ ఆగినప్పుడు దిగిపోతారు. ఏ భాషో తెలియదు, ఏ ఊరో చెప్పలేరు. వాళ్లని నువ్వు బాగుచెయ్యలేవు, చెయ్యాలని ప్రయత్నించకు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటివాళ్లని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యానికి చేర్చే బాధ్యత పోలీసు స్టేషన్ మీద పెట్టింది. చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది. 112కి ఫోన్ చెయ్యి, రాకపోతే స్టేషన్‌కి వెళ్లి కాగితం మీద రాసి ఇవ్వు. ముంబైలో భరత్ వాట్వాని, స్మిత దంపతులిద్దరూ మనోవైద్యులు. ఆ పని 1988లో మొదలుపెట్టి, రోడ్డు మీది మనుషులకి వైద్యం చేసి దేశంలో మూలమూలలకీ ఇళ్లకి చేరుస్తున్నారు. 2018లో ఆయనకి మెగసెసే వచ్చింది. డాక్టర్లు కాబట్టి దిగారు. పిల్లలు వదిలేసిన ముసలివాళ్లు కనిపిస్తే 14567, చిన్నపిల్లలైతే 1098. ఈ మూడు రకాల మనుషుల దగ్గరా పది రూపాయల లెక్క పెట్టకు. ఎవరి చేతికి అప్పగించాలో తెలిసి ఉండటమే నీ వంతు.

లండన్ పత్రిక సంగతి అడిగావు. అది 1991లో జాన్ బర్డ్, గార్డన్ రాడిక్ మొదలుపెట్టిన బిగ్ ఇష్యూ. అమ్మేవాళ్లు పత్రికని సగం ధరకి తమ డబ్బుతో కొని అమ్ముకుంటారు, మిగిలింది వాళ్లది. అక్కడ పని దొరకని మనిషికి అది పని. జగదాంబ సెంటర్లో నిలబడి పత్రిక కొనేవాళ్లు నీకు ఎంతమంది తెలుసు? ఇక్కడ మనవాళ్లకి పని ఉందని పైనే చెప్పాను. దయచేసి వాళ్ల చేత అగరుబత్తులు, పేపరు బ్యాగులు చేయించకు. బస్తాకి ఇంతని ఖచ్చితంగా కూలి తెచ్చుకునే మనిషిని కూర్చోబెట్టి అగరుబత్తులు చుట్టించడం సేవ అనిపించుకోదు. డబ్బు పెట్టి కొనడమన్న ఒక్క సంగతి మాత్రం అక్కడి నుంచి తీసుకో. పెట్టె ఊరికే ఇవ్వకు. పది రూపాయలు ఇచ్చినవాడు తలుపు సరిగ్గా పడటం లేదని నీతో పోట్లాడతాడు, ఆ పోట్లాట నీకు కావాలి.

ట్రస్టా, కంపెనీయా? మొదటి ఏడాది ఏదీ వద్దు, ఆ షెల్టరు నడిపే సంస్థ నీడలోనే చెయ్యి. ఆ తర్వాత సెక్షన్ 8 కంపెనీ నాకిష్టం, లెక్కలు శుభ్రంగా ఉంటాయి, లాభం పంచుకునే వీలు ఉండదు. పోర్టు, స్టీలు, ఫార్మా కంపెనీలు సమాజసేవకి కేటాయించే సీఎస్సార్ డబ్బు ఊరి నిండా ఉందని ఎవరో చెప్పి ఉంటారు. ఉంది. కానీ బయటి సంస్థలకి ఇవ్వాలంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే సేవాసంస్థ గుర్తింపులు (12ఏ, 80జీ) ఉండాలి, అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. నీ ఆరు లక్షలు మూడేళ్లు లాగాలని అన్నది అందుకే.

మీ నాన్నగారి మాటకి కోపం తెచ్చుకోకు. ఆయన పోర్టులో చేశారన్నావు. లారీ దించే మనిషి నడుం ఏ వయసులో పోతుందో, మేస్త్రీ కూలిలో ఎంత కోస్తాడో, కళాసీ డబ్బు ఎవరి దగ్గర దాస్తాడో ఆయనకి తెలిసినంత నీకూ నాకూ తెలియదు. అనుమతి అడగడం మానేసి ఇవి అడుగు. ఒక రాత్రి రెండున్నరకి మార్కెట్‌కి స్కూటర్ మీద తీసుకెళ్లు. టీ తాగుతూ ఆయనే ఎవరినో పేరు పెట్టి పలకరించినా నేను ఆశ్చర్యపోను.

అమ్మాయికి మాత్రం ఈ వారమే చెప్పు, పెద్దవాళ్ల ద్వారా కాకుండా నువ్వే. ఉద్యోగం ఇప్పట్లో మానడం లేదని, శుక్ర శనివారాలు రాత్రి ఇంట్లో ఉండవని, ఆరు లక్షలు ఎక్కడికి పోబోతున్నాయో అంకెలతో సహా. ఫిబ్రవరి తర్వాత తెలిసి బాధపడే కంటే ఇప్పుడు తెలిసి కాదంటేనే ఇద్దరికీ మర్యాద. కాదంటుందని నేను అనుకోవడం లేదు, కానీ అనే హక్కు ఆ పిల్లకి ఉంది.

ఇక దుప్పట్లు. విశాఖలో ఫుట్‌పాత్ మీద దుప్పటి కప్పుకునేది చలికి కాదు నాయనా, దోమలకి. అందుకే నీ 200 అలా ఉండిపోయాయి. ఇక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, ఒడిశా నుంచి రోగులతో వచ్చినవాళ్లు వారాల తరబడి ఆరుబయట, నేలమీద పడుకుంటారు. వాళ్లకి కింద పరుచుకోవడానికి కావాలి. నూట డెబ్బై అక్కడ పంచు, ఒకేసారి కాకుండా వారానికి ఇరవై చొప్పున, ఎందుకంటే మనుషులు మారుతుంటారు. మిగతా ముప్ఫై ఉంచు. ఒక్కొక్కటి రెండు ముక్కలు చేస్తే అరవై పెట్టెలకీ అడుగున పరచడానికి సరిపోతాయి. రాత్రి రెండున్నరకి ఉత్త రేకు మీద కొక్కెం పడితే ఆ చప్పుడుకి సందంతా లేచి నీ మీదకి వస్తుంది.